మా బండిలో బల్లి పలుకు

పాఠశాల వార్షిక సంచికకు పూర్వవిద్యార్థులు ఏదైన నొక వ్యాసము వ్రాసి పంపవలెనని సంపాదకులు కోరియున్నారు. మేమిద్దరము అన్నదమ్ములము. ఇరువురమును ఈ పాఠశాలలోనే రెండేండ్ల యెడముతో చదువుకొన్నవారము. చిన్ననాటి ఆటలను గూర్చియు, అయ్యవార్ల బెత్తములను గూర్చియు వ్రాయవలెనని మొదట తలంచితిమి గాని అట్టివి ప్రతి సంచికలోను వచ్చుచునే యున్నవి. అందుచేత 2023వ సంవత్సరము జూన్ నెలలో మా కుటుంబమును రెండు వారములు కలతపెట్టిన యొక చిన్న శబ్దమును గూర్చి వ్రాయుచున్నాము. ఇంజనుల ముచ్చట కిట్టని తల్లిదండ్రులు విసుగుకొనకుందురు గాక. ఇందులో మా అమ్మ కథయు కలదు.

మాలో పెద్దవాడు నంద్యాలలో ఉపాధ్యాయుడు. చిన్నవాడు ఆళ్లగడ్డలో చిల్లర అంగడి నడుపుచున్నాడు. అమ్మ చిన్నవాని యింట నున్నది. ఆమె మూత్రపిండములు రెండును పని చాలించినందున సోమవారమును గురువారమును డయాలిసిస్ అను రక్తశుద్ధికై ఆమెను నంద్యాలకు తీసికొని రావలెను. ప్రతిసారియు నాలుగు గంటలు యంత్రమునకు కట్టువడి యుండవలెను. వచ్చునప్పుడు బస్సులో నెట్లో రాగలదు గాని, తిరిగి పోవునప్పుడు కూర్చుండు శక్తి యుండదు; వెనుకసీటుపై పండుకొని పోవలసినదే. వారమునకు రెండుమార్లు బాడుగకారు పిలుచు స్థితి మాకు లేదు. ఉన్న ఆధారమెల్ల నాన్న 1984లో కొన్న అంబాసిడరు కారు.

ఆ బండిని నేటి బాలురలో పలువురు చూచియుండరు. బెంగాలులోని ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్‌వారు దానిని చేయుచుండిరి. 2014లో చేయుట మానిరి. బ్రిటను దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డ్ కారు దానికి మాతృక. మా దానిది 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను. నాన్న దానిని తుడువని ఉదయము లేదు. ఆయన పోయిన పిమ్మట ఆ పని చిన్నవానికి సంక్రమించినది.

జూన్ 5వ తేదీ సోమవారము. తెల్లవారుజామున ఆళ్లగడ్డ విడిచి, 40వ సంఖ్య జాతీయ రహదారిపై నంద్యాలవైపు వచ్చుచుంటిమి. ఈ రెండు ఊళ్లకును నడుమ సుమారు 40 కిలోమీటర్లు. కుడిచేతివైపు నల్లమల కొండలు నల్లగా మన వెంటనే నడచివచ్చును. శిరివెళ్ల దాటిన పిమ్మట ఇంజనునుండి టిక్కు టిక్కు టిక్కుమని యొక శబ్దము వినవచ్చెను. బండి వేగము హెచ్చినకొలది అదియు హెచ్చెను, తగ్గినకొలది తగ్గెను. అప్పుడే మాలో పెద్దవాడు, "అమ్మా, ఈ నెలలో నీకు కొంచెము తెరిపి వచ్చును" అనుచుండెను. అమ్మ వెనుకనుండి సీటుపై వ్రేలితో తట్టి, "బల్లి పలికింది నాయనా, సత్యమే" అనెను. ఆనాటినుండి ఆ శబ్దమునకు మా యింట బల్లి యనియే పేరు.

మొదట ఆయిలు చూచితిమి. మట్టము సరిగానే యున్నది. గురువారమునాడు అమ్మను ఆసుపత్రిలో విడిచి, ఆ నాలుగు గంటలలోనే బండిని ఒక మరమ్మతుశాలకు తీసికొనిపోతిమి. వారు మూత తెరవలేదు. ఒక్క నిమిషము విని, ఇంజను అడుగుభాగము పోయినదనియు, క్రాంకు షాఫ్టు సానబట్టి, బేరింగులు మార్చి, సిలిండర్లు మరల తొలిపించవలెననియు, 45,000 రూపాయలగుననియు చీటి వ్రాసి యిచ్చిరి. అంతకంటె పాత యినుమునకు అమ్ముట మేలని యొక ఉచిత సలహా కూడ నొసంగిరి.

ఆ సమయమున చిన్నవాని యొద్ద ఇంచుమించు అంత సొమ్మే కలదు. అది వాని కూతురు ఇంటర్మీడియట్టు చదువునకై కూడబెట్టినది. ఆ పిల్ల అంతకు ముందు ఏడే మన పాఠశాలలో పదవ తరగతి తేరినది. ఊరిలోనే యొక యేడు ఆగి, ఆ సంవత్సరము కళాశాలలో చేరవలసియుండెను. ఆ రాత్రి మాయిద్దరికిని మాటలు పెరిగినవి. బండి అమ్మివేసి, వచ్చిన దానితో కొన్ని నెలలు బాడుగకారు మాటలాడుదమని చిన్నవాడనెను. నాన్న బండి నెట్లు అమ్ముదుమని పెద్దవాడనెను. "అన్నా, నీకు బండి ముఖ్యమా, అమ్మ ముఖ్యమా?" అని చిన్నవాడడిగెను. ఈ ప్రశ్న అన్యాయమని మేమిరువురమును ఇప్పుడు ఒప్పుకొనుచున్నాము. అప్పుడు మాత్రము ఒకరి మొగ మొకరము చూడక లేచిపోతిమి. అమ్మ తలుపు ప్రక్కనే పండుకొని యుండెను. విన్నదో లేదో అడుగుటకు మాకు ధైర్యము చాలలేదు.

మరునాడు చిన్నవాని అంగడికి పొరుగున నుండు శిల్పి యొకడు అమ్మను చూడవచ్చెను. ఆళ్లగడ్డ శిల్పులకు పేరుపడిన యూరు. అచ్చట ఉలిశబ్దము లేని వీధి అరుదు. అతడు బండి శబ్దము విని, "ఎవరో చెప్పినారని ఇంజను విప్పిస్తారా? మేము రాతిని కొనేముందు సుత్తితో తట్టి వింటాము. గట్టిరాయి గంటలాగా మోగుతుంది, లోపల పగులుంటే మొద్దుగా పలుకుతుంది. ఎక్కడ పలుకుతోందో తెలిసిందాకా ఉలి పెట్టము" అనెను. అతడు మోటారు విద్య నెరిగినవాడు కాడు. అయినను ఆ మాట మాకు నచ్చెను. ఆదివారము పొద్దున మేమిరువురమును, ఆ పిల్లయును బండి ముందర చేరితిమి.

పిల్లల కొరకు ఇచ్చట కొంచెము ఆగవలెను. ఈ ఇంజనులో నాలుగు సిలిండర్లు. ఒక్కొక్కదానికి, గాలిని పెట్రోలు ఆవిరిని లోనికి రానిచ్చు కవాట మొకటి, కాలిన పొగను వెలికి పంపు కవాట మొకటి, వెరసి ఎనిమిది. క్రింద ప్రక్కగా క్యామ్ షాఫ్టు అను ఇరుసు తిరుగుచుండును. దానిమీద గ్రుడ్డు ఆకారపు మిట్టలుండును. మిట్ట తిరిగివచ్చి టాపెట్టును పైకి నెట్టును. టాపెట్టు ఒక సన్నని ఉక్కుకడ్డీని నెట్టును. కడ్డీ రాకరు యొక్క ఒక కొనను లేపును. రాకరు మన చేలలోని ఏతము మ్రానువలె రెండవ కొనను దించి కవాటమును నొక్కి తెరచును. మిట్ట దాటిపోగానే స్ప్రింగు కవాటమును మూయును. రాకరు కొనకును కవాటపు కాడకును నడుమ కొంచెము ఖాళీ యుండితీరవలెను. ఏలయనగా వేడికి లోహము వ్యాకోచించునని మీరు ప్రకృతిశాస్త్రములో చదివియే యున్నారు. ఖాళీ లేనిచో కాడ సాగి రాకరుకు ఆని, కవాటము పూర్తిగా మూసికొనదు. మా బండికి ఈ ఖాళీ 0.015 అంగుళము, అనగా సుమారు 0.38 మిల్లీమీటరు. అంతకు మించినచో రాకరు కవాటమును నొక్కుటకు మారుగా కొట్టును. ఆ దెబ్బయే టిక్కు. నేటి కార్లలో పెక్కింటికి ఆయిలు ఒత్తిడిచేత తమంతట తామే ఖాళీని సవరించుకొను టాపెట్లున్నవి. మా ముసలిదానికి ఆ భోగము లేదు.

సరే, శబ్దము కవాటములదో, మరమ్మతుశాలవారు చెప్పినట్లు అడుగుభాగముదో తేల్చుటెట్లు? ఉపాయము పిల్లకు తోచెను. చేతిఫోనును పొగగొట్టమునకును ఇంజనునకును నడుమ నుంచి శబ్దమును పట్టి, దానిని మెల్లగా మరల వినిపించెను. పొగగొట్టపు డుబ్బు డుబ్బులు నాలుగు వినబడినప్పుడెల్ల టిక్కు ఒక్కటి. నాలుగు సిలిండర్లును ఒక్కొక్కమారు కాలుటకు క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరుగవలెను. ఆ రెండు చుట్లకు క్యామ్ షాఫ్టు ఒక్క చుట్టే తిరుగును. టిక్కు క్యామ్ షాఫ్టు లెక్క ననుసరించుచున్నది. బేరింగు శబ్దమైనచో సాధారణముగా క్రాంకు ప్రతి చుట్టుకును కొట్టవలెను.

ఐనను పిస్టను వదులైనప్పుడును, పొగ గాస్కెట్టు చిల్లిపడినప్పుడును ఇట్టి శబ్దమే రావచ్చును. అందుచేత ఇంజను నడుచుచుండగనే, చెక్కపిడి పట్టుకారుతో స్పార్కు ప్లగ్గుల తీగెలను ఒకదాని తరువాత నొకటి తప్పించి చూచితిమి. (పిల్లలు పెద్దల తోడులేక ఈ పని చేయరాదు; విద్యుత్తు బలముగా తగులును.) మంట ఆగిన సిలిండరులో పిస్టను దెబ్బయైనను, పొగ చిమ్ముటయైనను నెమ్మదింపవలెను. తీగె ఏది తీసినను ఇంజను కుంటెను గాని బల్లి మాత్రము పలుకుచునే యుండెను. కాలుటతో దానికి సంబంధము లేదన్నమాట. ఇక మిగిలినవి కవాటములే.

మూతకు రెండే నట్లు. తీసి చూడగా ఎనిమిది రాకర్లును వరుసగా తలలూపుచున్నవి. ఇంజనును బహు మెల్లగా నడపించి, ఫీలరు గేజి ఆకును ఒక్కొక్క రాకరు క్రింద దూర్చుచు వచ్చితిమి. ఆకు దూరినచో అదనపు ఖాళీ నిండి ఆ రాకరు దెబ్బ ఆగును. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. మార్పు లేదు. ఆరవదాని క్రింద ఆకు పోగానే బల్లి నోరు మూసికొనెను! ఆకు తీసితిమి, పలికెను. పెట్టితిమి, మానెను. ఆ పిల్ల చప్పట్లు కొట్టెను. చిన్నవాడు పెద్దవాని భుజముపై చేయి వేసెను. రెండు దినముల తరువాత మేము మాటలాడుకొన్నది అప్పుడే.

ఇచ్చటినుండి మా తెలివితక్కువతనము మొదలగుచున్నది. ఇంజను నాపి కొలిచి చూడగా ఆరవదాని ఖాళీ సరిగా 0.015 అంగుళమే! పుస్తకము ప్రకారము దానియందు దోషము లేదు. కొలత సరియైనను శబ్దమేల? ఈ ప్రశ్నను పట్టుకొని కూర్చుండుటకు మారుగా, కొలతను ప్రక్కకు నెట్టి చెవినే నమ్మితిమి. ఇంజను నడుచుచుండగా సవరణ మరను బిగించుచు పోయి, శబ్దము పూర్తిగా అణగినచోట నిలిపి, మరల రాకుండుటకై వెంట్రుకవాసి యెక్కువగా బిగించి, నట్టు వేసితిమి. ఇంజను నిశ్శబ్దమైనది. సోమవారమునాడు నంద్యాల పోయి వచ్చితిమి. రాకలో అయ్యలూరు మెట్ట దగ్గర బండి కొంచెము బరువుగా లాగినట్లు తోచినను సంతోషములో పట్టించుకొనలేదు.

జూన్ 15వ తేదీ గురువారము. మధ్యాహ్నము రెండు గంటల యెండలో తిరిగి వచ్చుచుంటిమి. అమ్మ వెనుక పండుకొని యుండెను. ఆనాడు ఆమెకు రక్తపు పోటు పడిపోయి మొగము పాలిపోయియుండెను. శిరివెళ్ల సమీపించునప్పటికి ఇంజను కుంటసాగెను. తరువాత కార్బొరేటరునుండి తుమ్మువంటి చప్పుడు, మరి యొకటి, ఇంకొకటి. లారీలు రయ్యిమని పోవుచున్న దారి ప్రక్కన, నీడలేని చోట బండి నిలిచిపోయెను. అటునిటు తుమ్మచెట్లు తప్ప మరేమియు లేవు. పెద్దవాడు గొడుగు తెరచి కిటికీకి అడ్డముగా పట్టుకొనెను. చిన్నవాని చేతులు వణకుచుండెను. మాకిద్దరికిని ఒక్కటే తలంపు: ఈ బండిని అమ్మియుంటే అమ్మ ఇట్లు ఎండలో పండుకొని యుండదు. ఎవరమును పైకి అనలేదు.

కార్బొరేటరు తుమ్ముచున్నదనగా, మంట లోనికి వచ్చు దారిని వెనుకకు తన్నుచున్నదనుట. అనగా లోనికి రానిచ్చు కవాట మేదో మూసికొనుట లేదు. ఆరవది అట్టి కవాటమే! మన బిగింపు వలన ఖాళీ మాయమైనది. ఎండలో, దూరపు నడకలో కాడ సాగి కవాటము పీటకు ఆనుట లేదు. మేము శబ్దమును నయము చేసి రోగమును తెచ్చిపెట్టితిమి. కాలుచున్న మూతను గుడ్డతో పట్టి తీసి, ఆరవ మరను వదులు చేసి, ఫీలరు ఆకు బిగువుగా జారునంతవరకు తెచ్చి, మూత వేసి మీట త్రిప్పితిమి. ఇంజను మూడవ ప్రయత్నమునకు లేచెను. తుమ్ములు లేవు, కుంటు లేదు. దానితోపాటు టిక్కు టిక్కు టిక్కు. అమ్మ కన్నులు తెరవకయే, "వచ్చిందా? అది పలుకుతుంటేనే నాకు నిబ్బరంగా ఉంది నాయనా" అనెను.

మరునాడు ఆళ్లగడ్డలో పని మానుకొని యింట కూర్చున్న యొక ముసలి మేస్త్రిని పిలుచుకొని వచ్చితిమి. ఆయన అంతయు విని, మూత తీయించి, మొట్టమొదట చేసిన పని ఆరవ రాకరు కొన క్రింద బొటనవ్రేలి గోరును జరుపుట. "ఇక్కడ పెట్టు అయ్యవారూ నీ గోరు" అనెను. పెట్టగా తెలిసినది. కవాటపు కాడ తగులుచోట రాకరు అరిగి, కాడ వెడల్పున ఒక గుంట పడియున్నది. మా ఫీలరు ఆకు చదునైనది. అది గుంటలోనికి దిగక, మడువపై వేసిన పలకవలె రెండు గట్లమీద నిలుచుచున్నది. ఆకు కొలిచినది గట్టునుండి. కాడ తగులునది గుంటలో. కావున ఆకు 0.015 చూపినప్పుడు నిజమైన ఖాళీ దానికి గుంటలోతు కలిపినంత. కొలత అబద్ధమాడలేదు, మేము కొలువవలసినచోట కొలువలేదు. ఇంత చిన్న సంగతి మాకేల తోచలేదని నేటికిని సిగ్గుపడుచున్నాము.

"కూసే టాపెట్టు ఊరు చేరుస్తుందప్పా, మూగ టాపెట్టే నడిదారిలో దింపుతుంది" అని మేస్త్రి నవ్వెను. మేము బిగించినది పొగ కవాటమైయుండినచో, మూసికొనక మంటలో దాని అంచు కాలిపోయి, సిలిండరు తల విప్పవలసి వచ్చెడిదని చెప్పెను.

రాకర్ల ఇరుసును విప్పుట మేమనుకొన్నంత సుళువు కాదు. ఈ ఇంజనులో రాకర్ల స్తంభములను పట్టుకొన్న నట్లలో నాలుగు సిలిండరు తలను కూడ పట్టుకొనియుండును. ఆ నాలుగింటిని మాత్రమే విప్పినచో తల వంకరపోవచ్చును. అందుచేత మేస్త్రి మొదట రేడియేటరు నీరు తీయించి, తల నట్లనన్నింటిని నడుమనుండి వెలుపలికి వరుసగా, కొంచెము కొంచెముగా వదులు చేయించెను. ఇరుసు బోలుగా నుండును. దానిలోనుండియే ఆయిలు రాకర్లకు పోవును. కిరసనాయిలులో కడుగగా నల్లని మడ్డి యెంతో వచ్చెను. ఆరవ రాకరుకు ఆయిలు పోవు రంధ్రము పూర్తిగా పూడిపోయి యుండెను. సూదితో పొడిచి తీయవలసివచ్చెను. ఆయిలు అందక ఎండి, ఎండి అరిగినది. ఆయిలు మట్టము చూచితిమి గాని, ఆ ఆయిలు ఎన్నేండ్లుగా మార్చలేదో మే మడుగుకొనలేదు. నాన్న పోయిన పిమ్మట దానిని పైపైన తుడుచుటయే చాలుననుకొంటిమి.

కొత్త రాకరు నంద్యాలలో పాతబండ్ల సామాను అమ్ము అంగడిలో 350 రూపాయలకు దొరికెను. ఆయిలు, ఫిల్టరు, మూతక్రింది బెండు గాస్కెట్టు, మేస్త్రి కూలి అన్నియు కలిపి 4,000 దాటలేదు. కూలి ఎంతయని అడుగగా ఆయన అమ్మవైపు చూచి తక్కువే చెప్పెను. మేము కొంచెము ఎక్కువ యిచ్చితిమి.

కవాటముల సవరణ మాత్రము ఆ పిల్ల చేసినది. మేస్త్రి ఆమెకు తొమ్మిది లెక్క నేర్పెను. ముందునుండి వెనుకకు కవాటములకు ఒకటి మొదలు ఎనిమిది వరకు సంఖ్య లిడవలెను. ఏ కవాటమును కొలువవలెనో దాని సంఖ్యను తొమ్మిదినుండి తీసివేసిన, ఆ సంఖ్యగల కవాటము పూర్తిగా తెరచుకొని యుండవలెను. ఎనిమిదవది తెరచియున్నప్పుడు ఒకటవది, ఆరవది తెరచియున్నప్పుడు మూడవది, నాలుగవది తెరచియున్నప్పుడు అయిదవది, ఏడవది తెరచియున్నప్పుడు రెండవది. తరువాత తిరుగవేసి అవే జంటలు. ప్లగ్గులు తీసివేసి, చిన్నవాడు ఫ్యాను పట్టీని లాగి ఇంజనును త్రిప్పుచుండగా, "పెదనాయనా, మూడు తెరిచింది, ఆరు చూస్తున్నా" అని ఆమె కేకవేయుచుండెను. పెద్దవాడు కాగితముపై గుర్తు పెట్టుచుండెను. ఎనిమిదింటికిని 0.015. మేస్త్రి తాను ముట్టక, బీడీ కాల్చుచు దూరముగా కూర్చుండెను. చివరకు ఆరవదాని క్రింద మాత్రము తానే యొకసారి ఆకు జరిపి చూచి, తల యూపెను.

జూన్ 19వ తేదీ సోమవారము తెల్లవారుజామున మరల బయలుదేరితిమి. ఇంజను మూగది కాలేదు. చెవి యొగ్గినచో ఎనిమిది రాకర్లును కలిసి కుట్టుమిషనువలె మెత్తగా గుసగుసలాడుచున్నవి. శిరివెళ్ల దాటిన తరువాత అమ్మ, "బల్లి ఏదిరా?" అని అడిగెను. ఒకటి పోయి ఎనిమిది వచ్చినవనియు, అవి మెల్లగా మాటలాడుకొనుచున్నవనియు చెప్పితిమి. ఆమె కొంతసేపు విని, "అవునవును" అని ప్రక్కకు తిరిగి పండుకొనెను.

ఆ నెలాఖరునకు ముందే పిల్ల ఫీజు కట్టితిమి. అరిగిన రాకరును ఆమె కిరసనాయిలుతో కడిగి, నాన్న పటము ముందర పెట్టుకొనియున్నది. ఇంటికి వచ్చిన వారందరిచేతను దాని గుంటలో గోరు పెట్టించి చూపుచుండును. మరమ్మతుశాలవారి 45,000 రూపాయల చీటి వెనుకవైపుననే ఇప్పుడు ఆయిలు మార్చిన తేదీలు వ్రాసికొనుచున్నాము.